'పడదు' అనే ముందు: డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితం చెప్పే అలర్జీ పాఠం



రాత్రి రెండు గంటలవుతుంది. ఇల్లంతా నిద్రలో ఉంటే పిల్లవాడు లేచి కూర్చుని దగ్గుతుంటాడు. మీరు వీపు రాస్తారు, గోరువెచ్చని నీళ్లు తాగిస్తారు. తెల్లవారాక ఇంట్లో తలా ఒక మాట అంటారు. నిన్న తిన్న అరటిపండు పడలేదని నానమ్మ అంటుంది. దుమ్ము పడలేదని నాన్న అంటారు. వానలో తడిశాడు కదా అని పక్కింటివారు గుర్తుచేస్తారు. రక్తపరీక్ష చేయిస్తే రిపోర్టులో ఒక అంకె కాస్త ఎక్కువగా ఉంటుంది. ఆ రోజు నుంచి పిల్లవాడికి ఒక పేరు పడిపోతుంది: వీడికి ఇస్నోఫీలియా ఉంది.

సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ఈ మాట వినని ఇల్లు తక్కువ. ఆ పేరు వినగానే మందుల దుకాణంలో హెట్రజాన్ మాత్రలు అడిగి తెచ్చుకునేవారూ ఉన్నారు. ఆ మాత్ర వెనక ఒక తెలుగువారి జీవితం ఉంది. భీమవరంలో పుట్టి, అమెరికాలో కన్నుమూసిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనశాల నుంచే అది లోకానికి అందింది. జబ్బుకు ఒక పేరు పెట్టి ఊరుకోకుండా, దాని మూలం ఎక్కడుందో వెతకడం ఆయన పని. పిల్లల అలర్జీల విషయంలో మనం చేయాల్సిన పనీ అదే. అందుకే ఈ నెల ఆయన కథ మీకు చెబుతున్నాం.

కాశీకి బయలుదేరిన కుర్రవాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లలున్న ఇల్లు, చాలీచాలని రాబడి. 13 ఏళ్ల వయసులో ఆయన కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుని డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలారు. పెద్దలు పట్టుకుని వెనక్కి తెచ్చారు. తండ్రి పోయాక తల్లి తన నగలు అమ్మి చదువు ఆగకుండా చూశారు. మెట్రిక్యులేషన్ మొదటి రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. మార్కుల కాగితం చూసి పిల్లల భవిష్యత్తు మీద తీర్పు చెప్పేముందు ఈ ఒక్క సంగతి గుర్తు చేసుకుంటే చాలు.

తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ. ఫీజులకు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆదుకున్నారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితోనే సుబ్బారావు పెళ్లి జరిగింది. అవి గాంధీజీ పిలుపు ఊరూరా వినిపిస్తున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదికి ఖద్దరు దుస్తుల్లో వెళ్లారు. ఇంగ్లీషు ప్రొఫెసరుకు అది నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ రాలేదు, దానికన్నా కింది స్థాయి ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆధ్వర్యంలోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించే పనిలో చేరారు.

ఇంతలో ఇంటి మీద పిడుగు పడింది. ఆయన సోదరులు ఇద్దరు, కొద్దికాలం తేడాతో, స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. కొంతకాలానికి అదే జబ్బు ఆయనకూ వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు.

స్ప్రూలో పేగులు తిన్నదాంట్లోని సారాన్ని పీల్చుకోలేవు. విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం తగ్గుతుంది, మనిషి ఎండిపోతాడు. బయటి నుంచి చూసేవారికి ఏం తిన్నా పడటం లేదు అనిపిస్తుంది. కానీ అది అలర్జీ కాదు. తిండి చేసిన తప్పు కూడా కాదు.

ఇక్కడే మొదటి పాఠం ఉంది. తెలుగులో పడదు అనే ఒక్క మాటతో మనం చాలా సంగతులు చెప్పేస్తాం. పాలు తాగితే కడుపు ఉబ్బి విరేచనమయ్యే పిల్లవాడికి పాలు పడవంటాం. చాలాసార్లు అది పాలలోని చక్కెర అరగకపోవడం. ఇబ్బంది పెడుతుంది కానీ ప్రాణం మీదికి రాదు. కొద్దిమంది పిల్లల్లో పాలలోని మాంసకృత్తుల మీద శరీర రక్షణ వ్యవస్థే తిరగబడుతుంది. ఒళ్లంతా దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు, ఆయాసం వస్తాయి. అలర్జీ అంటే ఇది. మొదటి పిల్లవాడు పెరుగు మామూలుగా తినగలగవచ్చు, రెండో పిల్లవాడికి ఒక్క చెంచా పాలు కూడా ప్రమాదం కావచ్చు. రెండింటికీ ఒకే మాట వాడితే మొదటివాడు అనవసరంగా ఆహారం కోల్పోతాడు, రెండోవాడి ప్రమాదాన్ని మనం చిన్నచూపు చూస్తాం.

రాత్రి ఆసుపత్రిలో ఊడిగం, పగలు పరిశోధన

1920ల మొదట్లో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ చేరారు. ప్రయాణానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు కలిసి సాయం చేశారు. భార్య ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డను ఆయన చూడనేలేదు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మూత్రపాత్రలు కడిగే పని చేశారు. ఆ తర్వాత హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. శరీర ద్రవాల్లో భాస్వరం ఎంత ఉందో రంగు సాయంతో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి పేరుతో జీవరసాయనశాస్త్రం చదివే విద్యార్థులు నేటికీ నేర్చుకుంటున్నది దాన్నే. ఆ కొలత చేతిలో ఉండటం వల్లనే 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్ గుట్టు తెలిసింది. 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కనుగొన్నారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. సుబ్బారావుకు 1930లో పిహెచ్‌.డి. వచ్చింది.

రెండో పాఠం ఈ దశలో దొరుకుతుంది. ఊహించే బదులు కొలవాలి, కొలిచాక ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో కూడా తెలుసుకోవాలి. అలర్జీ పరీక్షలు ఇప్పుడు మన ఊళ్లలోనూ సులువుగా దొరుకుతున్నాయి. చర్మం మీద చుక్కలు వేసి గుచ్చి చూసే పరీక్ష ఉంది, రక్తంలో ఐజీఈ చూసే పరీక్ష ఉంది. వీటిలో ఒక పదార్థానికి పాజిటివ్ వచ్చిందంటే, ఆ పదార్థాన్ని శరీరం గుర్తు పెట్టుకుందని అర్థం. తింటే తప్పకుండా జబ్బు చేస్తుందని కాదు. పిల్లవాడు రోజూ హాయిగా తినే పది పదార్థాలు రిపోర్టులో ఎర్రగా కనిపించాయని వాటన్నింటినీ మాన్పిస్తే పిల్లవాడు చిక్కిపోతాడు తప్ప బాగుపడడు. ఏం తిన్నాడు, ఎంతసేపటికి ఏమైంది అనే మీ అనుభవంతో కలిపి చదివితేనే ఆ అంకెకు విలువ. అందుకే పరీక్షను మనంతట మనం రాయించుకోకూడదు. పిల్లల వైద్యులు మీరు చెప్పింది విన్నాక, అవసరమైనవే రాస్తారు.

పెర్ల్ రివర్‌లో ఎనిమిదేళ్లు

హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన కొలువు దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరారు, పరిశోధనల డైరెక్టర్ అయ్యారు. ఆ తర్వాత ఎనిమిదేళ్లలో జరిగిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. మన ఊళ్లో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది ఇదే. సోదరులను బలిగొన్న స్ప్రూలో రక్తహీనతను సరిచేసేదీ ఇదే. ఆయన పరిశోధనశాలలోనే బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. ఇవాళ స్ప్రూ రోగికి వైద్యులు ఇచ్చేవి ముఖ్యంగా ఈ రెండే: ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు పనిచేసే మందులూ అక్కడే తయారయ్యాయి. వాటితోనే 1947-48లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లల్లో మొదటిసారి జబ్బును కొంతకాలమైనా వెనక్కి తగ్గించారు. ఆ కోవలోనిదే మెథోట్రెక్సేట్. అదుపు తప్పిన రక్షణ వ్యవస్థను నెమ్మదింపజేయడానికి, కీళ్లవాతంలో, కొన్ని తీవ్రమైన చర్మవ్యాధుల్లో దాన్ని నిపుణుల పర్యవేక్షణలో చిన్న మోతాదులో వాడుతున్నారు.

ఇక హెట్రజాన్. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. మనం బోదకాలు అంటాం. దోమకాటుతో ఒంట్లో చేరే సన్నని పురుగులు దానికి కారణం. వాటిని చంపే మంచి మందు అప్పటికి లేదు. సుబ్బారావు బృందం ఎన్నో రసాయనాలను పరీక్షించి డైఈథైల్ కార్బమజైన్ అనే మందును తెచ్చింది. 1947లో దాని ఫలితాలు బయటికొచ్చాయి. దాని వ్యాపార నామమే హెట్రజాన్.

మదనపల్లెలో తేలని దగ్గు

ఇప్పుడు కథ ఒకసారి మన వైపు రావాలి. సుబ్బారావు లెడర్లీలో చేరిన 1940లోనే, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలోని టీబీ శానిటోరియం నుంచి ఒక వ్యాసం వెలువడింది. రాసినవారు అక్కడి డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్, ఆయన సహచరుడు బార్టన్. టీబీ అనుకుని పంపిన రోగుల్లో కొందరికి అసలు టీబీ లేదని వారు గుర్తించారు. రాత్రిపూట తెరలు తెరలుగా దగ్గు, పిల్లికూతలు, సన్నజ్వరం, బరువు తగ్గడం ఉంటాయి. ఎక్స్‌రేలో మచ్చలు కూడా ఉంటాయి. కానీ టీబీ క్రిమి కనిపించదు. రక్తంలో ఈసినోఫిల్ అనే తెల్లకణాలు మాత్రం విపరీతంగా పెరిగి ఉంటాయి.

1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు ఈ జబ్బుకు ట్రాపికల్ ఈసినోఫీలియా అని పేరు పెట్టారు. ఆర్సెనిక్ కలిసిన ఇంజెక్షన్లు వాడితే తగ్గుతోందని చూశారు. అసలు కారణం మాత్రం తేలలేదు. 1950ల్లో హెట్రజాన్ ఇస్తే ఈ రోగులు త్వరగా కోలుకుంటున్నారని గమనించాకే ముడి విడింది. ఊపిరితిత్తుల్లో చిక్కుకున్న ఫైలేరియా పిల్ల పురుగుల మీద శరీరం అతిగా తిరగబడటమే ఆ దగ్గు. పురుగు కొంచెం, దాని మీద శరీరం చేసే యుద్ధం కొండంత. టీబీలా కనిపించింది, ఉబ్బసంలా వినిపించింది, చివరికి అది పురుగు మీద పుట్టిన ఒకరకం అలర్జీ. తెలుగునేల మీద నమోదైన ఆ జబ్బుకు తెలుగువారి పరిశోధనశాల నుంచే మందు దొరికింది. అది చూడటానికి సుబ్బారావు లేరు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. పాతికేళ్ల కిందట విడిచి వెళ్లిన ఇంటికి ఆయన మళ్లీ రాలేదు.

మన పిల్లల రిపోర్టులోని అంకె

ఇప్పుడు మొదట చెప్పిన పిల్లవాడి దగ్గరికి వద్దాం. ఈసినోఫిల్ అనేది జబ్బు కాదు, మనందరి రక్తంలో ఉండే కణం. ఒక మైక్రోలీటరు రక్తంలో దాదాపు 500 లోపు ఉండటం మామూలే. అలర్జీ ఉన్నా పెరుగుతాయి, కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి, కొన్ని మందుల వల్లా పెరుగుతాయి. మదనపల్లెలో చూసిన జబ్బులో సాధారణంగా 3,000 దాటతాయి. ఆ జబ్బు ఎక్కువగా పెద్దవాళ్లలో వస్తుంది, పిల్లల్లో తక్కువ.

అంటే 700 అంకె చూసి ఇస్నోఫీలియా అని పేరు పెట్టి, దుకాణంలో హెట్రజాన్ కొని మింగించడం గురి లేని బాణం. తుమ్ములు, ముక్కు కారడం, ఉబ్బసం ఉన్న పిల్లవాడికి ఆ మాత్ర పనిచేయదు. పైగా అసలు వైద్యం ఆలస్యమవుతుంది. వాకిట్లో ఎవరో వచ్చారని కుక్క మొరిగి చెబుతుంది. వచ్చింది దొంగా, చుట్టమా అన్నది మనమే తలుపు తీసి చూడాలి. ఈసినోఫిల్ అంకె కూడా అంతే.

అలర్జీ ఎలా పుడుతుంది?

మన ఒంట్లో కాపలా వ్యవస్థ ఉంది. క్రిములతో పోరాడటం దాని పని. కొందరిలో అది పుప్పొడి, ధూళి పురుగు, పల్లీ వంటి హానిలేని వాటిని కూడా శత్రువు అనుకుంటుంది. మొదటిసారి తగిలినప్పుడు ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసి సిద్ధంగా ఉంచుకుంటుంది. తర్వాత మళ్లీ తగిలినప్పుడు హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా వదులుతుంది. ముక్కులో వదిలితే తుమ్ములు, చర్మంలో దద్దుర్లు, ఊపిరితిత్తుల్లో పిల్లికూతలు. కాబట్టి అలర్జీ బలహీనత కాదు, కాపలావాడి అత్యుత్సాహం. ఇన్నాళ్లూ తిన్నాడు కదా, ఇప్పుడెందుకు వస్తుంది అన్న ప్రశ్నకూ ఇదే జవాబు. ముందు పరిచయం లేనిదే అలర్జీ పుట్టదు.

మన ఊళ్లలో ఏం చూసుకోవాలి?

ఎక్కువమంది పిల్లల్లో అసలు కారకాలు ఇంట్లోనే ఉంటాయి. పాత పరుపులు, దిండ్లలో పెరిగే కంటికి కనిపించని ధూళి పురుగులు, బొద్దింకలు, వానాకాలంలో గోడలకు పట్టే బూజు, పెంపుడు జంతువుల చర్మపు పొట్టు. దుప్పట్లు, దిండు గలేబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి, పరుపు ఎండలో వేయండి. చీపురుతో ఊడ్చే బదులు తడిబట్టతో తుడవండి. ఊడ్చే సమయంలో పిల్లవాడిని ఆ గదిలో ఉంచకండి.

బయట వయ్యారిభామ ఉంది. ఖాళీ స్థలాల్లో, రోడ్ల పక్కన వానలు పడగానే తెల్లపూలతో గుబురుగా పెరిగే కలుపు మొక్క ఇది. దీన్ని తాకితే చర్మం దురద పెట్టవచ్చు, దీని పుప్పొడి ముక్కుకు అలర్జీ తేవచ్చు. పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకించడం మంచిది. ఆ పని పిల్లలతో చేయించవద్దు.

మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక, బూడిద. కోదాడ చుట్టుపక్కల సిమెంటు దుమ్ము. హైదరాబాద్-విజయవాడ రహదారి వాహనాల పొగ. సూర్యాపేట మార్కెట్లో వడ్ల దుమ్ము. వీటిలో తేడా గమనించండి. పొగ, సిమెంటు దుమ్ము ఎవరి ఊపిరినైనా రేపుతాయి. మిరపకాయ పోపు ఘాటుకు ఇల్లంతా తుమ్మితే అది అందరికీ అలర్జీ ఉన్నట్టా? కాదు కదా. అయితే ఉబ్బసం ఉన్న పిల్లవాడి శ్వాసనాళాలు ముందే వాచి ఉంటాయి కాబట్టి, ఇలాంటివి అతన్ని మిగతావారికన్నా ఎక్కువ బాధపెడతాయి. ఇంట్లో సిగరెట్టు, బీడీ, దోమల చుట్ట పొగ కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

అపోహలు, నిజాలు

ఇన్‌హేలర్ వాడితే అలవాటైపోతుంది, అది చివరి మందు అనుకుంటారు. నిజానికి ఉబ్బసం ఉన్న పిల్లవాడికి అదే మొదటి మందు. మైక్రోగ్రాముల్లో ఉండే మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, ఒళ్లంతా తిరిగేది చాలా తక్కువ. దగ్గు తగ్గిందని మీకై మీరు ఆపేయడమే అసలు ప్రమాదం.

అరటిపండు, పెరుగు, ఐస్‌క్రీం చలువ చేసి అలర్జీ తెస్తాయంటారు. చల్లదనం అలర్జీ కారకం కాదు. చల్లని నీళ్లు తాగితే కొందరికి వెంటనే దగ్గు రావచ్చు, అది వేరు. జలుబు ఎక్కువగా వచ్చేది బడిలో, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటే వైరస్‌ల వల్ల.

అలర్జీ అంటుకుంటుందని దద్దుర్లు ఉన్న పిల్లవాడి పక్కన కూర్చోనివ్వరు. అలర్జీ అంటదు. కానీ దూరం పెట్టిన బాధ ఆ పిల్లవాడి మనసులో నిలిచిపోతుంది.

మృగశిర కార్తె నాడు చేప ప్రసాదం వేయించాం కాబట్టి మందులు అక్కర్లేదనుకుంటారు. నమ్మకం మీ ఇష్టం. ఉబ్బసం దానితో నయమవుతుందనడానికి మాత్రం శాస్త్రీయ రుజువు లేదు. ఆ కారణంతో ఇన్‌హేలర్ ఆపవద్దు. చేప అలర్జీ ఉన్న పిల్లవాడికి అది అసలు వద్దు.

బోదకాలు మాత్రలు పడవంటారు. మన ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఇంటింటికీ తిరిగి ఇచ్చిన మాత్రల్లో ఉన్నది సుబ్బారావు గారి మందే. అది వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, దురద వస్తాయి. చాలాసార్లు అది మాత్ర మీద అలర్జీ కాదు. ఒంట్లో దాగిన పురుగులు చనిపోతుంటే శరీరం చూపే స్పందన. అంటే మాత్ర అవసరమైనవారికే అది చేరిందన్నమాట. సిబ్బందికి చెప్పండి, వైద్యులకు చూపించండి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఆ మాత్ర ఇవ్వరు. బడిలో ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇచ్చే నులిపురుగుల మాత్రను కూడా భయపడి తప్పించవద్దు.

ఆగకూడని సమయం

పల్లీలు, జీడిపప్పు, గుడ్డు, పాలు, నువ్వులు, చేపలు, రొయ్యలు, తేనెటీగ కాటు, కొన్ని మందులు. వీటిలో దేనికైనా తీవ్రమైన అలర్జీ ఉంటే సాధారణంగా నిమిషాల్లో, లేదా రెండు గంటల్లోపు లక్షణాలు కనిపిస్తాయి. నాలుక, పెదాలు వాచడం, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, ఆగని వాంతులు, ముఖం పాలిపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పిల్లవాడిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వండి. లేపి నడిపించవద్దు. దీనికి మందు తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. ఇంట్లోని తుమ్ముల మాత్ర దానికి బదులు కాదు. తగ్గినట్టు కనిపించి మళ్లీ తిరగబెట్టవచ్చు కాబట్టి, తేరుకున్నా ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉంచాలి.

బడికి మీరు చెప్పాల్సినవి

మీ పిల్లలకు అలర్జీ, ఉబ్బసం ఉంటే ఈ వారంలోనే డైరీలో రాసి క్లాస్ టీచరుకు ఇవ్వండి. దేనికి, ఏమవుతుంది, ఏం మందు, ఎవరికి ఫోన్ చేయాలి అనే నాలుగు వివరాలు చాలు. ఇన్‌హేలర్ వాడేవారైతే అది బ్యాగులో ఉందో లేదో రోజూ చూడండి. పుట్టినరోజున తరగతిలో మిఠాయిలు, చాక్లెట్లు పంచేటప్పుడు అందులో పల్లీలు, జీడిపప్పు ఉన్నాయేమో ముందే చెప్పండి. పడదు అన్న పిల్లవాడిని ఒక్కటి తిను, ఏం కాదు అని బలవంతపెట్టవద్దని మీ పిల్లలకూ చెప్పండి.

ఇంట్లో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. దగ్గు, దద్దుర్లు వచ్చిన ప్రతిసారీ తేదీ, సమయం, అంతకుముందు తిన్నది, ఆడుకున్న చోటు రాయండి. నెల తర్వాత ఆ పుస్తకం పట్టుకుని వైద్యుల దగ్గరికి వెళ్తే, పది పరీక్షలు చెప్పలేని సంగతి అది చెప్పవచ్చు.

1995లో, సుబ్బారావు శతజయంతి ఏడాదిలో, ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. ఆయన పేరు తెలిసినవారు మాత్రం మన ఊళ్లలో ఇప్పటికీ కొద్దిమందే. ఈ రాత్రి భోజనాల వేళ ఆయన కథ మీ పిల్లలకు చెప్పండి. ఇద్దరు తోబుట్టువులను పోగొట్టుకున్న మనిషి అది తలరాత అనుకుని ఊరుకోలేదని చెప్పండి. తర్వాత మీ పిల్లవాడు అర్ధరాత్రి దగ్గుతూ లేచినప్పుడు, మీ నోట పడదు అన్న మాట వచ్చేలోపు ఆగి, ఏది, ఎందుకు అని అడగండి. ఆ రెండు మాటలు నోటు పుస్తకంలో రాస్తే పని మొదలైనట్టే.